కుదుపుకు కళ్లెం మందు కాదు

"కంట్రోలర్ అవుట్‌పుట్ గెంతుతోందా? సెకనుకు ఒక శాతం మించకుండా రేట్ లిమిట్ పెట్టేయండి, గొడవ వదిలిపోతుంది." ప్లాంటుల్లో ఈ సలహా వేదవాక్కులా చలామణీ అవుతోంది. గొడవ ఎక్కడికీ పోదు, కంటికి ఆనకుండా దాక్కుంటుంది.

గెంతు ఎక్కడ పుడుతోందో ముందు చూడాలి. గెయిన్ 2, డెరివేటివ్ టైమ్ 30 సెకన్లు, సెకనుకొక స్కాన్ ఉన్న పీఐడీ లూప్ ఉందనుకోండి. ఆపరేటర్ సెట్‌పాయింట్‌ను 10 శాతం పెంచాడు. డెరివేటివ్‌ను ఎర్రర్ మీద లెక్కగడుతూ, ఫిల్టర్ కూడా లేకపోతే ఆ ఒక్క స్కాన్‌లో అది 600 శాతం అడుగుతుంది. వాల్వు బార్లా తెరుచుకోక ఏం చేస్తుంది? అదే డెరివేటివ్‌ను కొలిచిన విలువ మీద లెక్కగడితే సెట్‌పాయింట్ మార్పు వల్ల వచ్చే గెంతు సున్నా. ప్రపోర్షనల్ ఇచ్చే 20 శాతం కూడా వద్దనుకుంటే సెట్‌పాయింట్‌నే ర్యాంప్‌లో పంపండి. అవుట్‌పుట్‌ను ముట్టుకునే పనే లేదు.

మాన్యువల్ నుంచి ఆటోకు మార్చినప్పుడు వచ్చే గెంతు మరో రకం. చేత్తో వాల్వును 35 శాతం దగ్గర నిలిపారు. లోపల ఇంటిగ్రల్ మాత్రం పాత 70ని పట్టుకుని కూర్చుంది. ఆటో నొక్కగానే అవుట్‌పుట్ 70కి దూకుతుంది. రేట్ లిమిట్ ఉంటే అదే 70 వైపు తీరిగ్గా నడుస్తుంది. తప్పు జరగక మానదు, కాస్త ఆలస్యమవుతుంది. మాన్యువల్‌లో ఉన్నంతసేపూ ఇంటిగ్రల్ వాల్వు వెంటే నడిచేలా ట్రాకింగ్ పెట్టుకోవడమే దీనికి విరుగుడు.

"రేట్ లిమిట్ పెడితే పోయేదేముంది?" అంటారు. చాలానే ఉంది. అవాంతరం వచ్చి వాల్వు 40 శాతం కదలాల్సి వస్తే 40 సెకన్లు పడుతుంది. లిమిట్ సంగతి తెలియని ఇంటిగ్రల్ ఈలోగా ఎర్రర్‌ను పోగేసుకుంటూ పోతుంది, ఆనక ఓవర్‌షూట్ తప్పదు. ఆలస్యం ముదిరితే నిలకడగా నడిచే లూప్ కూడా ఊగిసలాడుతుంది. 1993లో స్టాక్‌హోమ్‌లో ప్రదర్శన ఇస్తూ గ్రిపెన్ యుద్ధవిమానం కూలిపోయింది. పైలట్ కదలికల వేగాన్ని నియంత్రణ తలాలు అందుకోలేకపోవడం అందులో ముఖ్య కారణం.

కంప్రెసర్ యాంటీ సర్జ్ వాల్వు సంగతే చూడండి. సర్జ్ దగ్గరపడితే అది చిటికెలో తెరుచుకోవాలి, మూసుకునేటప్పుడు నిదానించాలి. రెండు వైపులా ఒకే లిమిట్ పెడితే కంప్రెసర్‌కు చేటు కొనితెచ్చినట్టే.

రేట్ లిమిట్ అసలే కూడదని కాదు. మందపాటి గోడల బాయిలర్ డ్రమ్ము, టర్బైన్ రోటర్ హఠాత్తుగా వేడెక్కితే దెబ్బతింటాయి, అక్కడ అది అవసరమే. అప్పుడు కూడా లిమిట్ గుండా వచ్చిన అసలు అవుట్‌పుట్ ఇంటిగ్రల్‌కు తిరిగి అందాలి, ట్రిప్ ఆదేశానికి లిమిట్ అడ్డు రాకూడదు.

ముందు ట్రెండ్ తెరవండి. సెట్‌పాయింట్, కొలిచిన విలువ, అవుట్‌పుట్, మోడ్ నాలుగూ కలిపి చూడండి. గెంతు సెట్‌పాయింట్ మార్పుతో వస్తే ముందుగా డెరివేటివ్‌ను, మోడ్ మార్పుతో వస్తే ట్రాకింగ్‌ను, ఏ మార్పూ లేకుండా వస్తే సెన్సర్ నాయిస్‌ను అనుమానించండి. ఈ మూడూ కావని తేలాకే రేట్ లిమిట్ మాట ఎత్తండి.