జీబీ చౌక... సిమ్ ప్రియం

రోజువారీ డేటా పరిమితి వెనుక కంపెనీల విలువ లెక్క

కదిరి: మొబైల్ డేటా అతి చౌకగా దొరికే దేశాల్లో మనది ఒకటన్న మాట కొన్నేళ్లుగా వినిపిస్తోంది. మాట నిజమే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం 2014లో ఒక జీబీ డేటాకు సగటున సుమారు 269 రూపాయలు పడగా, 2018 నాటికి అది 12 రూపాయల లోపునకు దిగింది. అయితే పల్లెల్లో రీఛార్జి దుకాణం ముందు నిలబడిన కూలీకి ఈ చౌకదనం కంటికి ఆనదు. జీబీ ఎంతన్నది అతను అడగడు. ఫోను పని చేయాలంటే 28 రోజులకోసారి జేబులోంచి ఎంత పోతుందన్నదే అతని ప్రశ్న. ఆ మొత్తం మాత్రం ఏటికేడు పెరుగుతూనే వస్తోంది. జీబీ ధర తగ్గుతుంటే బిల్లు పెరగడం ఎలా సాధ్యమన్నది తెలియాలంటే డేటా పరిమితుల వెనుక ఉన్న వ్యాపార లెక్కను చూడాలి.

99 పోయి 199 వచ్చె...

2021 నవంబరులో ఎయిర్‌టెల్ కనీస రీఛార్జి 79 నుంచి 99 రూపాయలకు పెరిగింది. 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ సహా ఏడు సర్కిళ్లలో ఆ 99 రూపాయల ప్లానును తొలగించి 155 రూపాయల ప్లానును కనీసంగా నిర్ణయించారు. (రాష్ట్రం 2014లో రెండుగా విడిపోయినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ఒకే సర్కిల్‌గా కొనసాగుతున్నాయి. కాబట్టి ఈ దెబ్బ రెండు రాష్ట్రాలకూ ఒకేసారి తగిలింది.) 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఇంచుమించు ఒకేసారి ఛార్జీల మోత మోగించాయి. 28 రోజులకు మొత్తం 2 జీబీ ఇచ్చే ప్లాను జియోలో 155 నుంచి 189కి, ఎయిర్‌టెల్‌లో 179 నుంచి 199కి చేరింది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే జియో ప్లాను 239 నుంచి 299 అయింది. 2025 ఆగస్టులో రోజుకు ఒక జీబీ ఇచ్చే 249 రూపాయల ప్లాన్లను జియో, ఎయిర్‌టెల్ రెండూ పక్కన పెట్టాయి. దీంతో 28 రోజుల గడువుతో రోజువారీ డేటా కావాలనుకునేవారికి నిచ్చెన కింది మెట్టే 299 రూపాయలైంది. ఇక్కడ కంపెనీలు ప్లాను ధర పెంచలేదు. ఉన్న మెట్టును తీసేశాయంతే. పై మెట్టు ఎక్కక తప్పని స్థితి వినియోగదారుడిది.

ఇక 28 రోజుల సంగతి. నెలకోసారి రీఛార్జి అనుకుంటాం గానీ, ఏడాదికి 12 కాదు, 13 సార్లు చేయించాలి. 299 చొప్పున 3,887 రూపాయలు. ఈ పదమూడో నెల మీద ఫిర్యాదులు వెల్లువెత్తడంతో 2022 జనవరిలో ట్రాయ్ జోక్యం చేసుకుని 30 రోజుల గడువున్న ప్లాను ఒకటి, ప్రతి నెలా ఒకే తేదీన రీఛార్జి చేసుకునే ప్లాను ఒకటి తప్పనిసరిగా ఉండాలని ఆదేశించింది. ఆదేశం అమలైంది. ధర కూడా దానికి తగినట్లే సర్దుకుంది. 2024 పెంపు తర్వాత జియోలో నెల ప్లాను 319 రూపాయలు. ఏడాదికి 3,828. అంటే పదమూడో నెల రద్దుతో వినియోగదారుడికి మిగిలింది ఏడాదికి 59 రూపాయలు మాత్రమే.

రద్దీ కోసమా... రాబడి కోసమా?

రోజువారీ పరిమితికి కంపెనీలు చెప్పే కారణం టవర్లపై భారం. ఇందులో కొంత వాస్తవం లేకపోలేదు. ఒక టవరు పరిధిలో ఉన్న ఫోన్లన్నీ ఆ టవరు సామర్థ్యాన్నే పంచుకోవాలి. సాయంత్రం పనులు ముగించుకుని అందరూ ఒకేసారి వీడియోలు తెరిస్తే వేగం పడిపోతుంది. అయితే రోజువారీ పరిమితి ఈ జబ్బుకు మందు కాదు. తెల్లవారుజామున మూడు గంటలకు ఖాళీగా ఉన్న టవరు మీద వాడిన డేటాను, రాత్రి ఎనిమిదింటికి కిక్కిరిసిన టవరు మీద వాడిన డేటాను అది ఒకే తక్కెడలో తూస్తుంది. రద్దీయే సమస్య అయితే రాత్రిపూట వాడకానికి పరిమితి ఎందుకు? వొడాఫోన్ ఐడియా కొన్ని ప్లాన్లలో అర్ధరాత్రి వాడకాన్ని లెక్క నుంచి మినహాయించింది, వారంలో మిగిలిన డేటాను శని, ఆదివారాల్లో వాడుకోనిచ్చింది. అంటే సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. మరోవైపు, 2024 జులై నుంచి జియో, ఎయిర్‌టెల్‌లు రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్లు కొన్నవారికే అపరిమిత 5జీ అన్నాయి. ఎక్కువ చెల్లించేవారికి పరిమితి లేకుండా ఇవ్వగల నెట్‌వర్కుకు తక్కువ చెల్లించేవారి మిగులు డేటా భారమవుతుందా?

పరిమితి అసలు పని వేరు. వినియోగదారులను చెల్లించే స్తోమత ప్రకారం మెట్లుగా విడదీయడమే దాని పని. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు జీబీలు... కొంచెం చాలని చోటే మెట్టు ఆగేలా నిచ్చెన కట్టారు. చాలకపోతే పై మెట్టు ఎక్కాలి, లేదా అదనపు ప్యాకు కొనాలి. రోజు కోటా అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంతో నేటి యాప్‌లు తెరుచుకోవడమే గగనం. ధరలను పక్కపక్కన పెడితే విషయం ఇంకా తేటపడుతుంది. 299 ప్లానులో 28 రోజులకు వచ్చేది 42 జీబీలు. జీబీకి సుమారు 7 రూపాయల 12 పైసలు. కోటా అయిపోయాక అదే జీబీని విడిగా కొంటే 2024 జులై పెంపు తర్వాత జియోలో 19, ఎయిర్‌టెల్‌లో 22 రూపాయలు. సరుకు ఒకటే, టవరు ఒకటే, ధర రెండున్నర రెట్లకు పైమాటే.

చాలనివారి సంగతి అదైతే, మిగిలిపోయేవారి సంగతి మరొకటి. రోజుకు 300 ఎంబీ వాడే గృహిణికి ఆ 42 జీబీల్లో 33 జీబీలకు పైగా అర్ధరాత్రి దాటగానే మురిగిపోతుంది. డబ్బు మాత్రం పూర్తిగా ముందే కట్టి ఉంటుంది. 2025 ఏప్రిల్-జూన్ మధ్య జియో వినియోగదారుల సగటు వాడకం నెలకు 37 జీబీలు. ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్, 5జీ వాడకం కూడా కలిసిన ఈ సగటును చూసి అందరూ అంతే వాడుతున్నారని భ్రమ పడితే పొరపాటు.

ఒక్కో సిమ్ విలువ 12 వేలు!

వినియోగదారుడికి రీఛార్జి ఖర్చు. కంపెనీకి అదే వాటా విలువ. 2020 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ సంస్థ 43,574 కోట్ల రూపాయలు చెల్లించి జియో ప్లాట్‌ఫామ్స్‌లో 9.99 శాతం వాటా కొన్నప్పుడు కంపెనీ విలువను 4.62 లక్షల కోట్లుగా కట్టారు. అప్పటికి జియో వినియోగదారులు దాదాపు 38.8 కోట్లు. భాగించి చూస్తే ఒక్కో సిమ్‌కు సుమారు 11,900 రూపాయలు. ఆ సమయంలో ఒక్కో వినియోగదారు నుంచి కంపెనీకి వస్తున్న సగటు ఆదాయం నెలకు 130 రూపాయల 60 పైసలే. అంటే ఏడున్నరేళ్ల వసూళ్లకు సమానమైన ధరను మదుపరులు ముందే లెక్కగట్టారన్నమాట. నెలకు 130 దగ్గరే ఆగిపోతుందని భావిస్తే ఎవరూ ఆ ధర పెట్టరు. పెరుగుతుందన్న నమ్మకానికే ఆ ధర.

వ్యాపార వర్గాలు ఈ సగటు ఆదాయాన్ని 'ఆర్పు' అంటాయి. టెలికాం కంపెనీల త్రైమాసిక ఫలితాల్లో షేరు మార్కెట్ ముందుగా వెతికే అంకె ఇదే. 2024 ఏప్రిల్-జూన్‌లో జియో ఆర్పు 181.70 రూపాయలు. ఛార్జీలు పెంచాక 2025 జనవరి-మార్చి నాటికి అది 206.20కి చేరింది. తేడా 24 రూపాయల 50 పైసలు. వినడానికి ఒక పూట టిఫిను ఖర్చు కూడా కాదు. అప్పటి 48.8 కోట్ల వినియోగదారులతో గుణిస్తే నెలకు దాదాపు 1,200 కోట్లు, ఏడాదికి 14 వేల కోట్లకు పైమాట! ఎయిర్‌టెల్ ఆర్పు అదే 2024లో జూన్ త్రైమాసికంలోని 211 నుంచి డిసెంబరు త్రైమాసికానికి 245కి ఎగబాకింది. 2025లో ఆ కంపెనీ మార్కెట్ విలువ 10 లక్షల కోట్ల రూపాయలకు పైన పలికింది.

పెంపు దెబ్బకు వినియోగదారులు కొందరు జారిపోయిన మాట వాస్తవం. 2024 జులై ఒక్క నెలలోనే మూడు ప్రైవేటు కంపెనీలూ చందాదారులను కోల్పోగా, బీఎస్ఎన్ఎల్‌కు 29 లక్షల మంది కొత్తగా చేరారు. జులై-సెప్టెంబరు మధ్య జియో నుంచి దాదాపు 1.09 కోట్ల మంది వెళ్లిపోయారు. అయినా ఆ కంపెనీ ఆదాయం తగ్గకపోగా పెరిగింది. కారణం సులభం. వెళ్లినవారిలో ఎక్కువ మంది తక్కువ చెల్లించేవారు, రెండో సిమ్ వాడేవారు. వారు పోతే సగటు ఇంకా పెరుగుతుంది. ఒక్కో కుటుంబాన్ని అపురూపంగా చూసుకోవాల్సిన కిరాణా కొట్టు లెక్కకు ఇది పూర్తిగా తలకిందులు.

కంపెనీల మాటా వినాలి

2016 సెప్టెంబరు 5న జియో ఉచిత సేవలతో అడుగుపెట్టాక మొదలైన ధరల యుద్ధంలో కుప్పకూలిన సంస్థలు తక్కువేమీ కాదు. ఎయిర్‌సెల్ 2018లో దివాలాకు వెళ్లింది. టెలినార్, టాటా డొకోమో చందాదారులు ఎయిర్‌టెల్‌కు చేరారు. వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టులో విలీనమయ్యాయి. 2019 అక్టోబరు 24న సర్దుబాటు స్థూల ఆదాయంపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మిగిలినవాటి నెత్తిన వేల కోట్ల బకాయిలు పడ్డాయి. 2022 వేలంలో స్పెక్ట్రమ్‌కు కంపెనీలు పెట్టిన ఖరీదు 1.5 లక్షల కోట్లు. నెలకు 160 రూపాయలకు 16 జీబీ ఇవ్వడం నిలబడే వ్యాపారం కాదని ఎయిర్‌టెల్ అధిపతి సునీల్ మిట్టల్ 2020 ఆగస్టులోనే బహిరంగంగా అన్నారు. సగటు ఆదాయం 300 రూపాయలకు చేరాలన్నది ఆ సంస్థ పదేపదే చెబుతున్న లక్ష్యం. పెట్టుబడి పెట్టినవాడు ప్రతిఫలం కోరడంలో తప్పులేదు. అయితే ఆ ప్రతిఫలాన్ని ఎవరి నుంచి, ఏ నిష్పత్తిలో రాబట్టుకోవాలన్న చోటే పేచీ ఉంది.

ఈ పేచీలో ప్రభుత్వం తటస్థురాలని చెప్పలేం. ప్రతి రీఛార్జిపై 18 శాతం జీఎస్టీ ఉంది. 299లో దాదాపు 45 రూపాయల 60 పైసలు పన్నే. కంపెనీల ఆదాయంలో లైసెన్సు ఫీజు వాటా వేరు. పైగా బకాయిలను వాటాలుగా మార్చుకోవడంతో 2025 ఏప్రిల్‌లో వొడాఫోన్ ఐడియాలో కేంద్రం వాటా దాదాపు 49 శాతానికి చేరింది. ఛార్జీలు పెరిగితే ఖజానాకూ లాభమే. మొబైల్ ధరలను నిర్ణయించే స్వేచ్ఛను ట్రాయ్ చాలాకాలంగా కంపెనీలకే వదిలిపెట్టడం ఈ నేపథ్యంలో గమనించాల్సిన విషయం.

అసలు కొంటున్నదేమిటి?

2024 డిసెంబరులో ట్రాయ్ మరో నిబంధన తెచ్చింది. డేటా అవసరం లేనివారి కోసం కాల్స్, ఎస్ఎంఎస్‌లతో మాత్రమే ప్రత్యేక ప్యాకు ఒకటి తప్పనిసరిగా ఉండాలంది. ఆ మేరకు 2025 జనవరిలో జియో 84 రోజులకు 448 రూపాయల ప్యాకు, ఎయిర్‌టెల్ 469 రూపాయల ప్యాకు ప్రకటించాయి. ఈ ప్యాకుల వల్ల ఒక రహస్యం బయటపడింది. 448ని మూడుతో భాగిస్తే 28 రోజులకు 149 రూపాయలు. చుక్క డేటా లేకుండా నంబరు బతికి ఉండటానికే ఇంత. 299లో దాన్ని తీసేస్తే 42 జీబీల డేటాకు పడుతున్నది 150 రూపాయలే, జీబీకి మూడున్నర. 189లో తీసేస్తే 2 జీబీలకు 40 రూపాయలు, జీబీకి 20. ఎక్కువ కొనేవాడికి జీబీ మూడున్నరకు, తక్కువ కొనేవాడికి ఇరవైకి! పేదవాడు కొంటున్నది ప్రధానంగా డేటా కాదు, నంబరు ప్రాణం. డేటా దానికి కట్టిన తోక.

ఆ నంబరు లేకుండా పల్లెలో పని జరగని రోజులివి. బ్యాంకు ఓటీపీ, గ్యాస్ బుకింగ్, పీఎం కిసాన్ ఈ-కేవైసీ అన్నీ దానితోనే ముడిపడ్డాయి. అంగన్‌వాడీ కార్యకర్తకు పోషణ్ ట్రాకర్ యాప్ విధుల్లో భాగం. ఈ ప్రాంతం నుంచి బెంగళూరుకు, కేరళకు వలస వెళ్లినవారు ఊళ్లో వదిలి వచ్చిన పిల్లల ముఖం చూసుకునేది వీడియో కాల్‌లోనే. వలస ఇంట్లో ఫోను ఒకటి కాదు. పని చోట ఒకటి, ఊళ్లో ముసలివాళ్ల వద్ద ఒకటి, చదువుకునే పిల్లల వద్ద ఒకటి. మూడు ఫోన్లకు 299 చొప్పున ఏడాదికి 11,661 రూపాయలు. చౌక డేటా దేశంలో ఒక కూలీ కుటుంబం బిల్లు ఇది.

కాల్స్ ప్యాకు వీరికి ఊరట కావాల్సింది. రోజుకు 5 రూపాయల 33 పైసలే పడుతుంది. కానీ 448 ఒకేసారి చేతిలో ఉండాలి. జియో, ఎయిర్‌టెల్ 2025 జనవరిలో తెచ్చిన ఈ ప్యాకుల్లో 28 రోజులది లేదు. వారం కూలి చేతికందాక ఖర్చులు చూసుకునే ఇంట్లో 84 రోజుల సొమ్ము ముందే కట్టడం కష్టం. అందుకే రోజుకు 6 రూపాయల 75 పైసలు పడినా 189 వైపే చేయి వెళుతుంది.

2026 ప్రథమార్ధంలో జియోను షేరు మార్కెట్‌కు తీసుకురావాలన్నది లక్ష్యమని రిలయన్స్ అధినేత ముకేశ్ అంబానీ 2025 ఆగస్టు 29న వాటాదారుల సమావేశంలో ప్రకటించారు. 2025 జులై-సెప్టెంబరులో జియో ఆర్పు 211.40, ఎయిర్‌టెల్ ఆర్పు 256 రూపాయలు. ఎయిర్‌టెల్ కోరుకుంటున్న 300కి అప్పటికి మిగిలిన దూరం ఒక్కో సిమ్‌పై నెలకు 44 రూపాయలు. ధరల జోలికి వెళ్లకుండానే 30 రోజుల ప్లానును, కాల్స్ ప్యాకును తప్పనిసరి చేసిన ట్రాయ్‌కి, మిగిలిన డేటాను మరుసటి రోజుకు కలపాలనీ, కాల్స్ ప్యాకు 28 రోజులకు కూడా అమ్మాలనీ చెప్పే దారి మూసుకుపోయి లేదు.