టోకియో పట్టణమున మా మొదటి దినములు

బన్సీలాల్‌పేట సోదరీమణులు మమ్ము జూచినప్పుడెల్ల “టోకియో ఎట్లున్నది?” అని యడుగుచున్నారు. ఒక్కొక్కరికి వేరుగా జెప్పుటకంటె ఈ నెల మన పుటలోనే వ్రాయుట మేలని తోచినది.

విమానము దిగి రైలులో బోవుచు, ఇదిగో పట్టణము ముగియుచున్నదని యెన్నిమారు లనుకొంటిమో! ఇండ్లు, నడుమ నొక నది, మరల నిండ్లే. 1868 వరకు దీనిపేరు ఎడో. టోకియో యనగా తూర్పు రాజధాని. 1923లో భూకంపమును, 1945 మార్చిలో ఒక్కరాత్రి కురిసిన బాంబులును ఒక్కొక్కటి సుమారు లక్షమందిని బలిగొన్నవి. రెండుమారులు కాలి, రెండుమారులును లేచిన యూరిది.

రెండవనాడే మేము దారి తప్పితిమి. షింజుకు స్టేషనునకు 200కు మించి ద్వారములు. దినమునకు సుమారు 30 లక్షలమంది దానిగుండ బోదురట. మా అమ్మాయి తూర్పుద్వారమున నుండుమనగా, అత్తగారును మేమును పడమట వెలువడితిమి. చేతిలోని ఫోను ఆరిపోయినది. అత్తగారికి డెబ్బదియేండ్లు దాటినవి. కాళ్లు వణకుచుండగా గోడకానుకొని నిలిచిరి. మాకు నోట తడి యారినది. అప్పుడొక ముసలమ్మ మా చేతికాగితము చూచి, మా కొంగు పట్టుకొని, మెట్లెక్కించి దించి, అమ్మాయి యెదుట నిలిపినది. ఆమె మాట మాకు దెలియదు, మా మాట ఆమెకు దెలియదు. “చల్లగుండు తల్లీ” అని అత్తగారు దీవింపగా, వంగి నమస్కరించి జనములో గలిసిపోయినది.

భోజనవిషయము: శాకాహారులు జాగ్రత్తగా నుండవలెను. అన్నము దొరకును గాని, పులుసులలో ఎండుచేపతో గాచిన దాషి యను రసము వేయుదురు. ఆవకాయజాడీ మమ్ము గాచినది.

ఉయెనోలో తామరకొలను నడుమ బెంతెన్ అను దేవత గుడి గలదు. ఆమె మన సరస్వతియే! బౌద్ధులతో నాదేశము చేరి, వీణకు మారుగా బివా యను తంత్రీవాద్యమును బట్టినది. అత్తగారు చెప్పులు విడిచి చాలసేపు నిలిచిరి.

అచటనే అరటిపండు తిని, “ఈ తొక్క ఏడ వేయాలె?” అనిరి. వీధులలో చెత్తకుండీ కానరాదు. ఎవరి చెత్తను వారింటికి గొనిపోవుదురు. తొక్కను కాగితమున జుట్టి బసదాక మోసిరి. ఆ రాత్రి మాకు మన మెట్లబావి జ్ఞాపకము వచ్చినది. ఏండ్లతరబడి చెత్తతో పూడిన యాబావిని శుభ్రపరచి 2022 డిసెంబరు 5వ తేదీన తెరచిరి గదా. పూడ్చినవారిలో మేమును లేకపోలేదు. వాడిన పూజాపుష్పములని సంచితోసహా విసరిన దినము లున్నవి. అత్తగారికి జెప్పగా, “నేను కూడ వేసిన” అని యూరకుండిరి.

ఇప్పుడు వారి చేతిసంచిలో నొక చిన్న గుడ్డసంచి యుండును. మొన్న అంగడినుండి వచ్చి దానిని దులుపగా, మొక్కజొన్న బెండొకటియు రెండు టిక్కెట్టుముక్కలును రాలినవి.