తోడేలుపై మోపిన నింద

సంఘ వార్షికోత్సవములలో బాలబాలికల నాటికలు చూచి సంతసింపనివారుండరు. మేమును సంతసింతుము. కాని కొంతకాలము క్రితము చింతామణిలో జరిగిన యొక ఉత్సవమున ప్రదర్శింపబడిన నాటికను గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదని తోచి ఈ వ్యాసమునకు పూనుకొంటిమి. ఎఱ్ఱటోపీ ధరించిన బాలిక యొకతె అవ్వ యింటికి పోవుచుండును. దారిలో తోడేలు పలుకరించి, తాను ముందుగా పోయి, అవ్వను మ్రింగి, ఆమె దుప్పటి కప్పుకొని పడుకొనును. తుదకు వేటగాడు వచ్చి దానిని చంపగా సభ్యులందఱు చప్పట్లు చఱచిరి. మా ప్రక్కన బాగేపల్లి దిక్కునుండి మనుమరాలి ఆట చూడవచ్చిన గొఱ్ఱెలకాపరి యొకడు కూర్చుండి యుండెను. "ఇది యే సీమ తోడేలు సామీ? మన తోడేలు మనిసి వాసన తగిలితేనే గుట్ట దాటిపోతుంది. ఇది కూకొని మాట్లాడుతుందే!" అని అతడు మమ్మడిగెను. మేము నవ్వి యూరకుంటిమి. ఇల్లు చేరిన పిదప ఆ నవ్వు మాకే నచ్చలేదు.

అది ఫ్రెంచి సీమ తోడేలు. 1697లో పెర్రో అను నాతడు ఆ కథను అచ్చొత్తించెను. అందు వేటగాడే లేడు. బాలిక తోడేలు పాలగుటతోనే కథ ముగియును. తీయని మాటలాడు పురుషులను నమ్మరాదని కన్నెపిల్లలకు చెప్పుటయే అతని యుద్దేశము. కావున ఆ తోడేలు తోడేలు కాదు, మనుష్యుడే. 1812లో జర్మను దేశపు గ్రిమ్ సోదరులు వేటగానిని చేర్చి బాలికను బ్రదికించిరి. మనుష్యుడు చేయు పాపమునకు మృగము వేషము కట్టించి, శిక్షను మాత్రము మృగమునకే విధించుట ఎట్టి న్యాయమో పెద్దలు యోచింపవలెను. ఆ దేశములవారి కథలు వారికి తగియుండవచ్చును. మన పిల్లలకు అదియొక్కటే తోడేలని నేర్పుటయే మా యాక్షేపణ.

ఇందొక విచిత్రము గలదు. ఈసపు కథలోని అబద్ధమాడు కాపరి పిల్లవాడు "తోడేలు, తోడేలు" అని అరచెను. మన తెలుగు వాచకములలో వాడు "నాన్నా, పులి" అని అరచును. ఇంగ్లీషువాడు గొఱ్ఱెతోలు కప్పుకొన్న తోడేలు అను చోట మనము మేకవన్నె పులి అందుము. దీనిని జూచి, మన భాష తోడేలును నిందింపలేదని మా మిత్రులొకరు సంతోషించిరి. మాకు సంతోషము కలుగలేదు. నిందింపకుండుట వేఱు, ఎఱుగకుండుట వేఱు. పంటకాలువల నడుమ పెరిగినవారికి తోడేలు తెలియకపోవచ్చును గాని, ఈ మెట్టసీమలో, చిత్రావతి పాపఘ్నుల ఎగువ గట్టులలో, మందలు కాచి బ్రదికినవారి మనుమలు కూడ దానిని ఎఱ్ఱటోపీ కథలోనే మొదట చూచుట సిగ్గుచేటు కాదా?

పూర్వులకు తోడేలు రెండు ముఖములును తెలియును. పంచతంత్రమున సింహము కొలువులోని క్రవ్యముఖుడను తోడేలు ఒంటెను చంపించు కుట్రలో పాలుపంచుకొనును. జాతకకథలో వరదనీటి నడుమ రాతిపై చిక్కుకొని, తిండి దొరకనందున ఉపవాసవ్రతము పట్టి, మేక కనబడగానే వ్రతము విడుచునదియు తోడేలే. అది దొంగ యనుటలో వారు మొగమాటపడలేదు. కాని ఋగ్వేదమున ఋజ్రాశ్వుని వృత్తాంతము చూడుడు. ఆకొన్న ఆడుతోడేలునకు అతడు నూటయొక్క గొఱ్ఱెలను కోసి పెట్టెను. కోపించిన తండ్రి అతనిని అంధుని గావించెను. అప్పుడు అశ్వినీదేవతలను వేడుకొని అతనికి చూపు తెప్పించినది ఎవ్వరు? ఆ తోడేలే.

అంత దూరము పోనేల? మన చింతామణి తాలూకా కైవారమే నాటి ఏకచక్రపురమనియు, బకాసురుని భీముడు ఆ కొండకడనే చంపెననియు స్థలపురాణము. నారాయణ తాతయ్య తెలుగున పాడిన ఆ క్షేత్రమునకు మనము ఏటేట పోవుచునే యున్నాము. ఆ భీముని పేరేమి? వృకోదరుడు. వృకమనగా తోడేలు. వృకమను అగ్ని కడుపున గలవాడని కొందఱు అర్థము చెప్పుదురు. తోడేలి కడుపువాడని కొందఱందురు. ఏదైనను ఆకలియే అర్థము. భిక్షాన్నములో సగము కుంతి అతనికే పెట్టెడిది. ఆ ఆకలిగలవాడే పరుల పిల్లవానికి బదులు రాక్షసుని కడకు పోయెను. తోడేలి పేరు వీరునికి తగునని తలచిన జాతి మనది. ఆ పేరుగల వాని గుడి మనకు ఒక్క బస్సు దూరమున నుండగా ఎఱ్ఱటోపీని సముద్రములు దాటించి తెచ్చుకొంటిమి.

కథలోనుండి జారిన మృగము నేలపైనుండియు జారిపోవును. ఇచ్చట మా తప్పును మేమే చెప్పుకొనవలెను. మేము ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి తాలూకా కచేరీ యొకదానిలో గుమాస్తాగా చేరి చిరకాలము పహణీలు వ్రాసినవారము. గడ్డి మొలచి, గుండ్లు తేలి, దున్నుటకు పనికిరాని నేలకు "ఖరాబు" అని వ్రాయుట మా పని. ఖరాబనగా చెడినదని. ఏమి చెడినది? కుందేలు, కౌజు, కృష్ణజింక, గొఱ్ఱె, కాపరి, తోడేలు బ్రదుకునది అట్టి నేలపైననే. తోడేలు దట్టపు టడవిది కాదు, బయలుది. మేము వ్రాసిన ఆ ఒక్క మాటను ఆధారము చేసికొని ఎందఱో ఆ నేలకు వేఱు ప్రయోజనములు కనుగొనిరి. 1980ల దశకమున నాటి కోలారు జిల్లాలో నీలగిరి తోపులు విరివిగా వెలసెను. అడవి పెంచితిమని అందఱు మురిసిరి, మేమును మురిసితిమి. నీలగిరి క్రింద గడ్డి మొలవదని కాపరి చెప్పగా వినిపించుకొన్నవారు లేరు. 2017లో ప్రభుత్వమే కొత్తగా నీలగిరి నాటరాదని ఉత్తరువు చేసెను. గోమాళములు పోయిన పిమ్మట!

"గొఱ్ఱెలు తిను మృగము పోయిన నష్టమేమి? కాపరికి మేలేగదా" అని మనలో కొందఱందురు. వారు మంద కాచినవారు కారు. నాటిక జరిగిన కొన్నాళ్లకు ఆ కాపరిని వెదకికొని పోయితిమి. తోడేలు తన మందనుండి ఎన్ని పిల్లలను కొనిపోయినదో వ్రేళ్లు మడచి చెప్పెను. ఒకటి ఎదుట కనబడి కుక్కలను తన వెంట దూరముగా ఈడ్చుకొని పోవుననియు, ఇంకొకటి వెనుకనుండి వచ్చి పిల్లను పట్టుననియు చెప్పుచు, నష్టపోయిన ఆ ముసలివాడు తనకు తెలియకయే నవ్వెను. "దాని తెలివి మన కుక్కలకు యేడొస్తుంది సామీ" అనెను. ద్వేషించువాడు అట్లు నవ్వడు. అతని దుఃఖము తోడేలును గూర్చి కాదు. మేపుటకు బయలు లేక కొడుకులు మందనమ్మి బెంగుళూరికి పోయిరి.

2024లో బహరాయిచ్ జిల్లాలో తోడేళ్లు పసిబిడ్డలను పొట్టనబెట్టుకొనిన సంగతిని పత్రికలలో మేమును చదివితిమి. అది అబద్ధమని మేమనము. ఆ తల్లుల యెదుట తోడేలి పక్షమున వాదించుటకు మాకు నోరు రాదు. కాని రెండవ వైపు లెక్కయు గలదు. 1875 మొదలు 1925 వఱకు గల యేబదియేండ్లలో మన దేశమున రెండు లక్షలకు పైగా తోడేళ్లు చంపబడెనని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ వ్రాసెను. తల యొక్కింటికి బహుమానము చెల్లించిన ప్రభుత్వము అది. 2022లో శాస్త్రజ్ఞులు అంచనా వేయగా దేశమున మిగిలినవి సుమారు 3,100. అదే యేటి పులుల అంచనా 3,682. పులికి ఎన్ని అభయారణ్యములు, ఎన్ని తపాలా బిళ్లలు! తోడేలును ప్రధానముగా దలచి మన రాష్ట్రమున కాచిన చోట్లు మేలుకోట, కొప్పళ జిల్లాలోని బంకాపుర. 1972 నాటి చట్టము దానికి పులితో సమానమైన రక్షణ నిచ్చినది గాని, చట్టము అడవిశాఖ కాగితములలో నున్నది, ఖరాబను మాట రెవెన్యూ కాగితములలో నున్నది. ఏ కాగితము గెలుచునో గుమాస్తాకు తెలియును.

మన సంఘము నేల నీయలేదు, కథ నీయగలదు. కన్నడిగులు తోళమందురు, మనము తోడేలందుము. ఒక్క తల్లి మాటలే అవి. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురము పల్లెలలో మంద కాచిన ముసలివారు ఇంకను కొందఱున్నారు. వారు చెప్పునవన్నియు తెలుగులోనే, మన పిల్లలకు రాని తెలుగులో. అవి వ్రాసికొని ఇట్టి సంచికలో అచ్చువేయుటకు ఎంత వ్యయమగును? అవధానములకును శాలువలకును మనము పెట్టుదానిలో పదవవంతు కాదు. మేము శాలువలకు విరోధులము కాము. మాకును ఒకటి కప్పిరి.

వచ్చు ఉత్సవమున వేదికపై పిల్లలకు తోడేలి సంగతులు చెప్పుమని ఆ కాపరిని కోరితిమి. అతడు ఒప్పుకొనెను గాని ఒక నియమము పెట్టెను. మాపటివేళ మందను విడిచి రాలేడట. పిల్లలనే దొడ్డికడకు తీసికొని రావలెనట. కార్యవర్గమునకు ఈ సంగతి వ్రాసి పంపితిమి. ప్రత్యుత్తరము ఇంకను రాలేదు.