ఏసీ వేస్తే ఇంజను గొంతు ఎందుకు మారుతుంది?

ఈ నెల అడిగినవాళ్లలో ఎక్కువమంది అడిగింది ఒకటే. "అన్నా, కారు నిలిపి ఉండగా ఏసీ వేస్తే ఇంజను గొంతు మారతా ఉంది. ఇది జబ్బా, మామూలేనా?" మన ఇండూరు పక్క మిల్లు జీతంలో కూడబెట్టి, సెకండ్ హ్యాండు కారు కొని బాడుగకు తిప్పే పిల్లకాయలు ఉండారు. వాళ్లకు ఇది వేల రూపాయల ప్రశ్న.

మిల్లులో రింగు ఫ్రేము మోటారు చూసినవాళ్లకు ఇది సులువుగా తెలుస్తుంది. మోటారు మీది రేకు చదవండి. చాలా వాటిమీద 1440 అనో, దాని దగ్గర అంకో ఉంటుంది. కరెంటు లెక్క ప్రకారం అది నిమిషానికి 1500 చుట్లు తిరగాల. బరువు పడేసరికి కొంచెం వెనకబడుతుంది, ఆ వెనకబాటుతోనే లైను నుంచి ఎక్కువ కరెంటు లాక్కుంటుంది. ఎవురూ చెప్పే పనిలేదు, కావలసింది తానే తీసుకుంటుంది.

పెట్రోలు ఇంజను అట్లా కాదు, ఎవరైనా పెడితేనే తినే రకం. కారు నిలిచి ఉన్నప్పుడు గాలి పోయే తలుపు, అంటే థ్రాటిల్, దాదాపు మూసే ఉంటుంది. సందులో దూరే కొంచెం గాలి, దానికి తగిన పెట్రోలు, అంతే. ఆ బలం ఇంజను తన లోపలి రాపిడిని గెలిచి తిరగడానికే సరి. వేడెక్కిన కారు సుమారు 700 నుంచి 900 చుట్ల మీద నిలబడేది ఈ సరికి సరి లెక్కతోనే. అప్పుడు ఏసీ స్విచ్చి వేస్తే కంప్రెసరు క్లచ్చి టక్కుమని పట్టుకుంటుంది, బెల్టు మీద కొత్త బరువు పడుతుంది. గాలి పెంచకుంటే చుట్లు తగ్గుతాయి. మరీ తగ్గితే బండి ఆగిపోతుంది.

ఈ తంటా కొత్తది కాదు. 1788లోనే జేమ్స్ వాట్ తన ఆవిరి ఇంజనుకు రెండు గుండ్ల గవర్నరు పెట్టినాడు. వేగం తగ్గితే గుండ్లు కిందికి దిగి, ఆవిరి తలుపు తెరుచుకుంటుంది. బావి దగ్గర డీజిలు ఇంజనులో ఉండే గవర్నరు దాని మనవడే. పంపు నీళ్లు ఎత్తుకోగానే ఇంజను శబ్దం దిట్టమయ్యేది అందుకే. కారులో ఇప్పుడు ఆ పని కంప్యూటరుది. ఏసీ వేసిన సంగతి దానికి తెలుస్తుంది, తలుపు కొంచెం తెరుస్తుంది. చాలా కార్లలో చుట్లు ముందుకంటే కొంచెం ఎక్కువే పెడుతుంది. కాబట్టి ముల్లు ఒక్కసారి కదిలి, కొంచెం పైన నిలిస్తే అది జబ్బు కాదు.

హెడ్‌లైట్లు వేసినా ఇదే కథ. పాత సైకిలు డైనమో గుర్తుందా? బల్బు వెలిగితే తొక్కుడు బరువయ్యేది. కారు ఆల్టర్నేటరూ అంతే.

జబ్బు ఏదంటే, ముల్లు నిలవకుండా పైకీ కిందికీ ఊగడం, లేకుంటే ఏసీ వేయగానే ఆగిపోవడం. మా వీధి అబ్బాయి కారు సిగ్నల్లో ఇట్లే ఆగేది. ఒక షెడ్డులో కంప్రెసరే మార్చాలన్నారు. ఇంకో చోట స్క్రూ తిప్పి స్లో పెంచినారు. ఏసీ లేనప్పుడు బండి ఊరికే అరిచి పెట్రోలు తాగింది. కడాన థ్రాటిల్ బాడీ విప్పి చూస్తే, తలుపు అంచు చుట్టూ నల్లని మసి. గాలి పోయే సందే పూడిపోయి ఉంది. తుడిచినాక సరిపోయింది. ఇంజెక్షను బండిలో ఆ స్క్రూ ముట్టనీయవద్దండి. తలుపు మూసుకున్న చోటు ఏదో కంప్యూటరుకు తప్పుగా తెలుస్తుంది. మొదట మసి, తర్వాత పగిలిన వాక్యూం పైపు, ప్లగ్గులు, బ్యాటరీ, ఆల్టర్నేటరు చూపించండి. కంప్రెసరు మాట ఆ తర్వాతే. ఏసీ వేయగానే బెల్టు కీచుమంటే మాత్రం అనుమానం దానిమీదే.

ఆగిపోయే బండిని "సిగ్నల్లోనే కదా" అని అట్లే తిప్పేవాళ్లకు ఒక మాట. ధర్మపురి నుంచి సేలం పోవాలంటే తొప్పూరు ఘాటు దిగాల. క్లచ్చి తొక్కి, లేదా న్యూట్రల్‌లో దిగేటప్పుడు ఇంజను ఆగితే, బ్రేకుకు సాయం చేసే వాక్యూం కూడా ఆగుతుంది. మిగిలి ఉన్నది ఒకటి రెండు తొక్కులకే వస్తుంది, ఆపైన పెడలు రాయి మాదిరి గట్టిపడుతుంది. స్టీరింగూ బరువవుతుంది. పెట్రోలు మిగులుతుందని దిగుడులో కావాలని ఇంజను ఆపేవాళ్లకూ ఇదే జరుగుతుంది.

ఒకవేళ అట్లా ఆగితే బ్రేకును పదేపదే తొక్కవద్దు. ఒక్కసారి గట్టిగా తొక్కి అట్లే పట్టి ఉంచండి. చిన్న గేరులో వేసి క్లచ్చి మెల్లగా వదలండి. హ్యాండ్‌బ్రేకు కొంచెం కొంచెంగా లాగండి. తాళంచెవి మాత్రం బయటికి తీయవద్దు, స్టీరింగు లాకవుతుంది.