రాత్రి చల్లబడని ఊళ్లు

మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. వాటితోపాటే అధికారుల హెచ్చరికలూ వస్తాయి. ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా బయటికి రావద్దు, మజ్జిగ తాగండి, నెత్తిన గుడ్డ కప్పుకోండి అంటారు. అన్నీ మంచి మాటలే, ప్రాణాలు కాపాడే మాటలే. అయితే వీటన్నిటి వెనక ఒక ధీమా ఉంది. ప్రమాదమంతా వీధిలోనే ఉందని, ఇంట్లోకి వస్తే గట్టెక్కినట్టేనని. సిమెంటు రేకుల కిందా పలుచటి స్లాబు కిందా కాపురముంటున్న లక్షల కుటుంబాలకు ఆ ధీమా లేదు. వాళ్ల ఇల్లు మధ్యాహ్నం ఎంత కాగుతుందో రాత్రి పదింటికీ దాదాపు అంతే సెగ కక్కుతుంది. ఎండను తట్టుకోవడం గురించి మనం మాట్లాడుకునేదంతా ఏసీ కొనగలమా, లేదా అన్న దగ్గరే తిరుగుతోంది. అసలు తేల్చుకోవలసింది వేరే ఉంది. రాత్రిపూట ఒళ్లు చల్లబడే వీలు తెలుగు రాష్ట్రాల్లో ఎవరికి దక్కుతోంది, ఎవరికి దక్కడం లేదు?

2015 మే నెలను తెలుగువాళ్లు మరిచిపోలేరు. ఆ వేసవిలో వడదెబ్బకు ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది, తెలంగాణలో 541 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. ఆ దెబ్బతో రెండు రాష్ట్రాలూ మేలుకున్నాయి. అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 2013లో తెచ్చిన వేసవి కార్యాచరణ ప్రణాళిక తరహాలో ఇక్కడా ప్రణాళికలు వచ్చాయి. చలివేంద్రాలు పెరిగాయి, ఊరూరా ఓఆర్ఎస్ పొట్లాలు చేరాయి, ఫోన్లకు హెచ్చరికలు వస్తున్నాయి. తర్వాతి ఏళ్లలో అధికారిక మరణాల సంఖ్య బాగా తగ్గింది. ఇది నిజమైన విజయమే. కాకపోతే అది పగటి మీద సాధించిన విజయం.

ఒంటి సంగతి చూస్తే రాత్రి ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర నిలవాలంటే గుండె రక్తాన్ని చర్మం దాకా తోలాలి, చెమట ఆవిరి కావాలి. రోజంతా ఈ చాకిరీ చేసిన గుండెకు రాత్రి విశ్రాంతి కావాలి. గది 33, 34 డిగ్రీల దగ్గరే నిలిచిపోతే ఆ విశ్రాంతి దొరకదు. నిద్ర పట్టదు, ఒంట్లో నీటి లోటు తీరదు, మర్నాటి ఎండకు మనిషి ముందురోజు అలసటతోనే ఎదురెళతాడు. అలా నాలుగైదు రాత్రులు వరసగా గడిస్తే గుండె జబ్బు, మధుమేహం, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు నిలబడలేరు. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో వడగాల్పులకు సుమారు 15,000 మంది చనిపోయినప్పుడు ఎక్కువమంది వృద్ధులే. భవనంలో పైకప్పుకు ఆనుకునే గదుల్లో ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువైందని ఆ తర్వాతి పరిశీలనలు చెప్పాయి. చంపింది వీధిలో కాసిన ఎండ ఒక్కటే కాదు, నెత్తి మీది కప్పు కూడా.

మన దగ్గరా రాత్రులే ఎక్కువ వేగంగా మారుతున్నాయి. ఢిల్లీలోని సీఈఈడబ్ల్యూ సంస్థ 2025 మేలో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 1982–2011 నాటితో పోలిస్తే 2012–2022 మధ్య దేశంలోని దాదాపు 70 శాతం జిల్లాల్లో వేసవికి ఐదుకు పైగా అతి వేడి రాత్రులు అదనంగా వచ్చాయి. పగళ్ల విషయంలో ఆ స్థాయి పెరుగుదల కనిపించింది 28 శాతం జిల్లాల్లోనే. ముప్పు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల వరసలో ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది.

అయినా మన హెచ్చరికలు గరిష్ఠ ఉష్ణోగ్రత చుట్టూనే తిరుగుతాయి. రెంటచింతలలో ఎంత, రామగుండంలో ఎంత అన్నదే మర్నాటి పత్రికలకు వార్త. వాతావరణ శాఖ లెక్కల్లో 'వేడి రాత్రి' అనే మాట లేకపోలేదు. కానీ దానికో షరతుంది. పగటి గరిష్ఠం 40 డిగ్రీలో అంతకు మించో ఉంటేనే ఆ రాత్రి లెక్కలోకి వస్తుంది. పగలు 37 డిగ్రీలే ఉండి, సముద్రపు తేమతో రాత్రంతా ఉక్కపోసే మచిలీపట్నం, కాకినాడ లాంటి ఊళ్లకు ఈ కొలత సరిపోదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో జనం తెల్లవార్లూ విసనకర్ర విసురుకున్నా అధికారికంగా అది వేడి రాత్రి కాదు.

ఈ రాత్రులకు భూతాపం ఒక కారణం. మనం కట్టుకుంటున్న ఇళ్లు మరో కారణం. పాత పెంకుటిళ్లను పొగడటానికి ఈ మాట అనడం లేదు. వాటిలో వానకు కారే చూరులూ, వెలుతురు సోకని గదులూ ఉండేవి. అయినా వేడి విషయంలో వాటికో తెలివి ఉంది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది. మండువాలోంచి గాలి ఆడేది. మందపాటి మట్టి గోడ, సున్నపు గోడ ఎండను వెంటనే లోపలికి రానిచ్చేవి కావు. అన్నిటికన్నా మించి, ఆ రోజుల్లో పడక ఇంట్లో ఉండేది కాదు. వేసవి మొత్తం అరుగు మీదో, వాకిట్లోనో, డాబా మీదో నులక మంచాలు పడేవి. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడం ఇంట్లో పిల్లల పని. ఇల్లు కాగినా మనిషి ఆకాశం కింద చల్లబడేవాడు.

ఇప్పుడు ఆ వాకిలి లేదు. అరవై గజాల జాగాలో పక్కింటి గోడకు గోడ ఆనించి కట్టిన ఇంటికి గాలి ఏ వైపు నుంచి రావాలి? దొంగల భయం, దోమల భయం కిటికీలు మూయించాయి. డాబా మీద వాటర్ ట్యాంకులు, సెల్ టవర్లు, అద్దె గదులు వచ్చాయి. అపార్టుమెంట్లలో చాలాచోట్ల డాబా తలుపుకు తాళం. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు మధ్యాహ్నం పీల్చుకున్న వేడిని సరిగ్గా జనం ఇల్లు చేరే వేళకు గదిలోకి దించుతుంది. ఫ్యాను ఆ సెగనే కిందికి తోస్తుంది. ఇక వంటింట్లో ఫ్యాను వేస్తే గ్యాసు పొయ్యి మంట నిలవదు కాబట్టి, ఇంటిల్లిపాదిలోకీ ఎక్కువ వేడి భరించేది వంట చేసే ఆడవాళ్లే. వాళ్లకు వడదెబ్బ తగిలితే అది ఏ లెక్కలోనూ 'ఎండలో పని' కింద రాదు.

ఈ పరిస్థితిలో ఏసీని విలాసమని తీసిపారేయడం అన్యాయం. అమెరికాలో గత శతాబ్దపు రెండో సగంలో వేడి రోజుల మరణాలు బాగా తగ్గాయి. అందుకు ప్రధాన కారణం ఇళ్లలోకి వచ్చిన ఏసీలేనని ఆర్థికవేత్తల పరిశోధనలు తేల్చాయి. మంచం పట్టిన తండ్రికి, నెలల పసికందుకు, గుండె ఆపరేషన్ అయిన మనిషికి మే నెలలో ఏసీ మందుతో సమానం. దాన్ని కొనుక్కున్నవాళ్లను తప్పు పట్టడానికి ఎవరికీ హక్కు లేదు.

చిక్కంతా అది అందరికీ చేరే దారి కాకపోవడంలో ఉంది. 2019లో కేంద్రం ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక ప్రకారం అప్పటికి ఏసీ ఉన్న కుటుంబాలు సుమారు 8 శాతం. ఆ తర్వాత అమ్మకాలు జోరందుకున్నా, కొనలేనివాళ్లే ఇంకా ఎక్కువ. కొన్నా నడపడం మరో ఎత్తు. టన్నున్నర ఏసీ గంటకు యూనిట్ చొప్పున కాల్చినా, రాత్రి ఎనిమిది గంటలకు నెలకు 240 యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. అది దాటితే మొత్తం బిల్లు కట్టాలి. అంటే పేద కుటుంబం అప్పు చేసి ఏసీ కొన్నా, నడిపిన నెల సున్నా బిల్లు చేజారుతుంది. అదే ఇంట్లో పాత ఫ్యాను తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను బిగిస్తే కరెంటు సగానికన్నా తక్కువ కాలుతుంది.

రెండో చిక్కు పొరుగువాడిది. టన్నున్నర ఏసీ గదిలోంచి సుమారు 5 కిలోవాట్ల వేడిని తోడుతుంది. దానికి తాను వాడుకున్న కరెంటును కూడా కలిపి మొత్తం బయట పారబోస్తుంది. ఇరుకు సందులో ఒక మేడకున్న పది ఔట్‌డోర్ యూనిట్లు ఎదురింటి రేకుల గది కిటికీలోకి ఊదుతుంటే, ఒకరి నిద్ర ఖర్చు మరొకరి మీద పడుతోందన్న మాట. అమెరికాలోని ఫీనిక్స్ నగరం మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, ఏసీలు వదిలే వేడి వల్లనే కొన్ని ప్రాంతాల్లో రాత్రి ఉష్ణోగ్రత డిగ్రీకి పైగా పెరుగుతుందని తేలింది. పైగా ఇళ్ల ఏసీలు ఎక్కువగా ఆడేది పొద్దుగూకాక. సౌర విద్యుత్తు ఆగిపోయేదీ అప్పుడే. ఆ లోటు బొగ్గుతో పూడ్చాలి. లోడు పెరిగి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఇన్వర్టర్ ఉన్నవాడి ఫ్యాను తిరుగుతుంది, లేనివాడి ఫ్యాను ఆగుతుంది.

ఏసీకి, ఏమీ లేకపోవడానికి మధ్య కూలర్ ఉంది కదా అంటారు. నిజమే, తెలంగాణలో, రాయలసీమలో అది బాగా పనిచేస్తుంది. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గడ్డి ప్యాడ్ల మీది నీరు త్వరగా ఆవిరై గదిని చల్లబరుస్తుంది. కిటికీకి వట్టివేళ్ల తడక కట్టి నీళ్లు చిలకరించడంలో ఉన్న కిటుకు కూడా అదే. కోస్తాలో గాలికి ముందే తేమ పట్టి ఉంటుంది. అక్కడ కూలర్ ఉక్కను పెంచుతుంది తప్ప తగ్గించదు. ఆదిలాబాద్‌కు, విశాఖకు ఒకే మందు పనిచేయదన్నది జిల్లా ప్రణాళికలు రాసేవాళ్లు మొదట గుర్తుపెట్టుకోవాలి.

మరైతే చేయవలసిందేమిటి? మొదటిది కప్పు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దేశంలోనే తొలిసారిగా కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూతలు, టైల్స్ వేసి 2028–29 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. ఆలోచన మెచ్చుకోదగ్గదే. కానీ నిబంధన తప్పనిసరి అయింది ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు ఆపైన ఉన్న ఇళ్లకు మాత్రమే. అంతకన్నా చిన్న ఇళ్లకు అది ఐచ్ఛికం. ఆరు వందల గజాల ఇంటివాళ్లకు ఏసీ ఎలాగూ ఉంటుంది. చల్లని కప్పు అత్యవసరమైనది అరవై గజాల ఇంటికి, రేకుల ఇంటికి. చిన్న ఇళ్లకు నిర్బంధం పెట్టమని కాదు, ఆ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి. డాబాకు సున్నం వేయడానికి విదేశీ సాంకేతికత అక్కర్లేదు, మన మేస్త్రీలకు వచ్చిన పనే. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ సొమ్ముతో కట్టే పేదల ఇళ్లకు తెల్ల కప్పు, ఎదురెదురు కిటికీలు, దోమతెర అంచనాల్లోనే చేరిస్తే, తర్వాత ఒక్కో ఇల్లు మే రాత్రుల్ని కాస్త తేలిగ్గా దాటుతుంది.

రెండోది కరెంటు. వేసవిలో మరమ్మతులైనా కోతలైనా రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు దాకా పేట మీద పడకూడదన్న నియమం డిస్కంలకు ఉండాలి. పెద్దల కాలనీకి రెండు ఫీడర్లు, బస్తీకి ఒక్కటి అన్న తేడా ప్రాణాల మీదికి తెస్తుంది. ఏసీ ఉన్నవాళ్ల బాధ్యత కూడా ఇక్కడే మొదలవుతుంది. 2020 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా కేంద్రం నిబంధన పెట్టింది. అక్కణ్నుంచి ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుంది. 26 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకుంటే హాయికి లోటుండదు. పద్దెనిమిదికి తిప్పి దుప్పటి కప్పుకునే అలవాటును మాత్రం ఏ అవసరమూ సమర్థించదు.

మూడోది పని వేళలు. రాత్రి నిద్ర లేనివాడు పగలు త్వరగా కూలిపోతాడు. 2030 నాటికి వేడి వల్ల భారత్ 5.8 శాతం పనిగంటలు కోల్పోతుందని, అది 3.4 కోట్ల ఉద్యోగాలతో సమానమని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీలకు వేసవి నెలల్లో 20 నుంచి 30 శాతం తక్కువ పనికే పూర్తి కూలి దక్కేలా వేసవి భత్యం ఉండేది. ఆ సూత్రాన్ని భవన నిర్మాణ కూలీలకు, మిర్చి యార్డు హమాలీలకు, బైకుల మీద తిండి మోసుకొచ్చే కుర్రాళ్లకు విస్తరించాలి. కూలి తెగకుండా విరామం ఇస్తేనే అది విరామం. లేకపోతే సలహాగానే మిగిలిపోతుంది.

నాలుగోది లెక్క. వడదెబ్బ మరణాన్ని గుర్తించేది తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి కలిసిన త్రిసభ్య కమిటీ. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడగాల్పులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి పరిహారాన్ని 4 లక్షల రూపాయలకు పెంచడం మంచి అడుగు. కానీ ఎండలో కుప్పకూలినవాడిని గుర్తించినంత సులువుగా, మూడు రాత్రులు ఉడికిపోయి నాలుగో తెల్లవారుజామున గుండె ఆగిన ముసలమ్మను ఆ కమిటీ గుర్తించలేదు. ఆమె ఖాతాలో గుండెపోటు అని పడుతుంది. వేసవిలో వచ్చిన మొత్తం మరణాలను మామూలు ఏడాది సగటుతో పోల్చి చూస్తేనే అసలు నష్టం బయటపడుతుంది. పురపాలక సంఘాల దగ్గర నమోదు పుస్తకాలున్నాయి, కావలసింది చూసే సంకల్పమే.

ఏసీ ఉన్న ఇల్లు, లేని ఇల్లు అన్న తేడా ఇప్పట్లో పోదు. పోవాలని ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు కూడా. పెట్టుకోవలసిన కొలత ఒకటుంది: ఊళ్లో అతి పేద ఇంట్లో రాత్రి పదకొండు గంటలకు గది వేడి ఎంత? ప్రతి మండలంలో కొన్ని ఇళ్లలో థర్మామీటర్లు పెట్టి వేసవి పొడుగునా ఆ అంకెను నమోదు చేయించి ప్రకటించడం పెద్ద ఖర్చు కాదు. కలెక్టర్ల వేసవి సమీక్షలో చలివేంద్రాల సంఖ్య పక్కన ఆ అంకె కూడా ఉండాలి. అది ఏటికేడు తగ్గితే విధానం పనిచేస్తున్నట్టు. తగ్గకపోతే ఎన్ని మజ్జిగ ప్యాకెట్లు పంచామని చెప్పుకున్నా, సమస్యలో సగాన్ని మనం ముట్టుకోలేదన్నట్టే.