క్రొత్త ఉపాధ్యాయుని మొదటి పాఠము

నగరములోని బీదల పేటలో గల పాఠశాలకు క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయునికి పెద్దలు సాధారణముగా ఒక హితవు చెప్పుదురు: "మొదటి దినముననే పిల్లలను అదుపులో నుంచుము, లేనిచో ఏడాది పొడుగునను వారు నీ మాట వినరు." ఇది అనుభవము గలవారి మాటయే. అయినను నాకు సమ్మతము కాదు. క్రొత్త ఉపాధ్యాయుడు మొదట చేయవలసినది పిల్లలను అదుపు చేయుట కాదు, వారిని ఎరుగుట.

విజయవాడనే చూడుడు. 1888లో పురపాలక సంఘమును, 1981లో నగరపాలక సంస్థను పొందిన ఈ పట్టణమునకు బ్రదుకుతెరువు కొరకు నలుదెసలనుండి జనులు వచ్చి చేరిరి. కొందరు కొండవాలున ఇండ్లు కట్టుకొనిరి. కొందరు కాలువగట్ల వెంబడి కాపురముండిరి. ఆటోనగరులో లారీలు బాగుచేయువారి బిడ్డలును, కూలినాలి చేసికొనువారి బిడ్డలును ఒక్క తరగతిలో కూర్చుందురు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతమును ముంచినప్పుడు ఎన్నో కుటుంబములు ఇంటి సామగ్రిని కోల్పోయినవి. అట్టి ఇంటి బాలుడు పుస్తకము లేకుండ వచ్చినచో దానిని అవిధేయత యనవచ్చునా?

మరియొక చిక్కు కలదు. 2010లో అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, బడికి దూరమైన బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొనవలెనని చెప్పినది; వెనుకబడిన చదువును పూరించుటకు ప్రత్యేక శిక్షణ పొందు హక్కును కూడ ఇచ్చినది. ఆ శిక్షణ అందనిచో ఆరవ తరగతి బాలుడు వాచకము చదువలేక, తన లోపమును దాచుకొనుటకు అల్లరి చేయును. బెత్తము చూపినంతమాత్రమున అక్షరములు రావు. పైగా శారీరక దండనను, మానసిక వేధింపును ఆ చట్టమే నిషేధించినది.

గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సమీపమున గల కొండలలోని సవరలకు విద్య నేర్పదలచిరి. అందులకై ముందుగా వారి భాషను తామే నేర్చికొనిరి. పిమ్మట ఆ భాషలో వాచకములు వ్రాసిరి. బోధింపదలచినవాడు మొదట తాను విద్యార్థి కావలెననుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇట్లనుటవలన క్రమశిక్షణ అక్కరలేదని కాదు. అందరును ఒక్కసారి మాటలాడు గదిలో పాఠము సాగదు. అయితే పిల్లవానిని పేరుపెట్టి పిలిచి, అతడు ఆలస్యముగా వచ్చుటకు కారణ మెరిగిన ఉపాధ్యాయుని మాటకు గల బలము బెదిరింపునకు లేదు.

భారమంతయు క్రొత్తవాని మీదనే మోపుటయు న్యాయము కాదు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 16,347 ఉపాధ్యాయ పదవుల భర్తీకి ప్రకటన చేసినది. పరీక్ష విషయజ్ఞానమును కొలుచును గాని ఓర్పును కొలువలేదు. కావున మొదటి ఏడాది అనుభవజ్ఞుడైన సహోపాధ్యాయు డొకడు క్రొత్తవానికి తోడుగా నుండవలెను. ఆరు మొదలు ఎనిమిది వరకు గల తరగతులలో 35 మందికి ఒక ఉపాధ్యాయుడైనను ఉండవలెనను నియమమును తప్పక పాటింపవలెను.

కృష్ణా డెల్టా రైతు ఎరిగిన సత్య మొకటి కలదు. ప్రకాశం బారేజి నుండి ఎంత నీరు వదలినను, శివారు పొలము తడిసిననే కాలువ సార్థకము. విద్యయు అట్టిదే. చిట్టచివరి బల్లమీద కూర్చున్న బాలునికి చేరిననే అది చదువు. ఆ నీరు పారుటకు గండి పడకుండ చూచుట ఉపాధ్యాయునితోపాటు తలిదండ్రులకును, ప్రభుత్వమునకును, తోడి విద్యార్థులకును గల విధి.