సాక్ష్యము ప్రమాణమగునా?

గాంధారి పరిసర గ్రామాలలోనైనా, తెలుగునాట మరెక్కడైనా, క్రైస్తవ ప్రార్థనా కూటములలో ‘సాక్ష్యం’ చెప్పడం పరిపాటి. ఒకరు లేచి తన పూర్వజీవితాన్ని వివరిస్తారు: వ్యాధి, మద్యపానం, అప్పులు, గృహకలహం. అనంతరం ప్రార్థన, బాప్తిస్మం, శాంతి. విన్న విశ్వాసులకు ధైర్యం కలుగుతుంది. దుఃఖం నుండి బయటపడిన మనిషి ఆనందాన్ని ఆక్షేపించడం ఏ ధర్మానికీ తగదు. ఆక్షేపణీయమైనది ఆ అనుభవం నుండి తీసే నిర్ణయం: ‘నాకు శాంతి లభించింది, కనుక ఈ దేవుడొక్కడే సత్యం, తక్కినవన్నీ అసత్యం.’

న్యాయశాస్త్రం ఇటువంటి హేతువును అనైకాంతికమంటుంది. సాధ్యం ఉన్నచోటనే గాక లేనిచోట కూడా కనబడే హేతువు దేనినీ సిద్ధింపజేయదు. 41 రోజుల అయ్యప్ప దీక్షలో మద్యం విడిచి, తిరిగి ముట్టనివారు తెలంగాణ పల్లెలలో ఉన్నారు. దర్గాలో మ్రొక్కి స్వస్థులమైనామనేవారూ ఉన్నారు. శాంతియే ప్రమాణమైతే ఈ మూడు సాక్ష్యాలూ సమబలములు. ఒకదానిని గ్రహించి రెండింటిని త్రోసిపుచ్చడానికి యుక్తి లేదు. పైగా, ప్రార్థించినా స్వస్థత కలుగనివారిని సాక్ష్యం చెప్పుమని ఎవరూ పిలువరు. అన్వయాన్ని చూపి వ్యతిరేకాన్ని దాచిన అనుమానమది.

1874 ప్రాంతంలో దక్షిణేశ్వరంలో శ్రీరామకృష్ణులు క్రైస్తవ సాధనను అనుష్ఠించి క్రీస్తు దర్శనం పొందినారని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసినారు. ఆయన కాళికను విడువలేదు. మార్గాలు అనేకమనే నిశ్చయానికి వచ్చినారు. అనుభవం అదే, నిర్ణయం వేరు. కనుక ‘ఒక్కడే’ అన్న మాటకు మూలం అనుభవంలో లేదు; ముందుగా ఉపదేశింపబడిన సిద్ధాంతంలో ఉన్నది.

సాక్ష్యాలలో రెండవ దోషం పూర్వజీవితమంతటినీ అంధకారంగా చిత్రించడం. ఒంగోలు ప్రాంతపు తొలి మాదిగ విశ్వాసులలో ప్రసిద్ధుడైన యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందినాడు. అంతకుముందు ఆయన గురువునాశ్రయించి రాజయోగం అభ్యసించిన సాధకుడు. ఆయనలోని జిజ్ఞాసను పెంచినది ఈ దేశపు సాధనయే. ఆ సాధనను చీకటియని చెప్పడం ఆయన గురుపరంపరకు అన్యాయం.

అయితే ఆ కథ హిందువులనూ నిలదీస్తుంది. యోగం పుట్టిన సమాజమే ఆయన కులానికి ఆలయద్వారం మూసినది. 1878 జూలై 3న, ఆ ఒంగోలు ప్రాంతంలోనే, ఒక్కనాడు 2,222 మంది బాప్తిస్మం పొందినారు. కరవు పనులు సాగిన కాలంలో మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలను నిలిపివేసినాడు. అందుచేత ‘అన్నం కోసమే వెళ్ళినారు’ అనే సమాధానం అక్కడ చాలదు. తమ ప్రక్కన కూర్చుండనిచ్చినవారి వద్దకు వారు వెళ్ళినారు.

హేత్వాభాసను చూపడం పండితుని పని. రోగి మంచం వద్దకు, అప్పులపాలైన ఇంటికి ముందుగా వెళ్ళడం ప్రతి ఆస్తికుని పని. గాంధారిలోనైనా, మరెక్కడైనా, రెండవది జరుగని గ్రామంలో మొదటిదానిని వినేవారుండరు.